గదికి తగ్గ తెర

దుకాణంలో 43 అంగుళాల టీవీ చిన్నదిగా కనిపిస్తుంది. అదే టీవీని అమెరికా విశ్వవిద్యాలయంలోని డార్మ్ (హాస్టల్) గదికి తెచ్చి సొరుగుల బల్ల మీద పెడితే గోడలో సగం కనిపించకుండా పోతుంది. టీవీ మారలేదు, దాని చుట్టూ ఉన్నవి మారాయి. దుకాణంలో పైకప్పు ఇరవై అడుగుల ఎత్తున ఉంటుంది, పక్కనే 75, 85 అంగుళాల తెరలు వరుసగా వెలుగుతుంటాయి. వెలుతురునీ రంగులనీ చివరిదాకా పెంచి ఉంచుతారు. ఆ వరుస ముందు నిలబడి, సొంతంగా డబ్బు ఖర్చుపెట్టడం అప్పుడే మొదలుపెట్టిన పద్దెనిమిదేళ్ల విద్యార్థి ‘ఏది సరిపోతుంది?’ అని అడగాల్సింది పోయి ‘దీనికంటే పెద్దది ఎంత?’ అని అడుగుతాడు.

ముందు చూసిన అంకె తర్వాతి అంచనాను తన వైపు లాక్కుంటుందని ఎమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. వాళ్లు ఒక అంకెల చక్రాన్ని తిప్పి, ఆ తర్వాత ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో చెప్పమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినవాళ్లు సుమారు 25 అన్నారు. 65 దగ్గర ఆగినవాళ్లు 45 అన్నారు. చక్రానికీ ఐక్యరాజ్య సమితికీ ఏ సంబంధమూ లేదు. గది కొలతకూ దుకాణంలోని 85 అంగుళాల తెరకూ అంతే సంబంధం. అయినా మనసు ఆ పెద్ద అంకె దగ్గరే మొదలుపెట్టి కిందికి దిగుతుంది. ఈ లాగుడు తన మీద పనిచేస్తోందని గుర్తుపట్టడమే ఒక ఎదుగుదల. దానికి మందు కూడా సులువైనదే: దుకాణానికి వెళ్లకముందే, గదిలో నిలబడి, టేపు పట్టుకుని తన అంకెను తానే రాసుకోవాలి.

ఆ అంకె ఎలా వస్తుంది? టీవీ కొలతను ఒక మూల నుంచి ఎదుటి మూలకు తీస్తారు. 32 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 28 అంగుళాలు, 43ది ముప్పై ఏడున్నర, 55ది 48. మూల కొలత కొద్దిగా పెరిగినా వైశాల్యం ఒక్కసారిగా పెరుగుతుంది. 32 నుంచి 43కు తేడా పదకొండు అంగుళాలే అనిపిస్తుంది గాని, తెర మాత్రం దాదాపు ఎనభై శాతం పెద్దదవుతుంది. 55 అంటే 32 అంగుళాల తెరకు ఇంచుమించు మూడు రెట్లు.

తర్వాత దూరం. తల దిండు మీద ఆనే చోటు నుంచి టీవీ నిలబడే చోటు దాకా అంగుళాల్లో కొలిచి, 1.6తో భాగిస్తే, తెర మన చూపులో 30 డిగ్రీల మేర ఆక్రమించే పరిమాణం వస్తుంది. ఇంట్లో టీవీ చూడటానికి చాలాకాలంగా అనుసరిస్తున్న లెక్క ఇది. అమెరికా డార్మ్‌లో సాధారణంగా ఇచ్చే ‘ట్విన్ ఎక్స్‌ఎల్’ మంచం 38 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. ఇద్దరుండే గదిలో అలాంటివి రెండు, రెండు రాతబల్లలు, రెండు సొరుగుల బల్లలు పోగా మిగిలే చోట మంచానికీ తెరకూ మధ్య ఐదారు అడుగులు దొరికితే గొప్ప. ఐదు అడుగులకు ముప్పై ఏడున్నర, ఆరు అడుగులకు 45 వస్తుంది. అంటే 32 నుంచి 43 దాకా.

సినిమా హాల్లో కూర్చున్నట్టు ఉండాలనుకునేవారు 1.2తో భాగిస్తారు. అప్పుడు ఆరు అడుగుల దూరానికి ఏకంగా 60 అంగుళాలు తేలుతుంది! లెక్క తప్పు కాదు. కళ్లు ఎంత భరించగలవో అది చెప్పింది. బల్ల ఎంత మోయగలదో, పక్క మంచం మీది మనిషి ఎంత ఓర్చుకోగలడో చెప్పడం దాని పని కాదు. ఒక్క సూత్రం దొరకగానే ఆలోచన ఆపేయడం చదువుకున్నవాళ్లలోనే ఎక్కువగా కనిపించే బలహీనత.

బల్ల సంగతి చాలామంది మరిచిపోతారు. ఇప్పటి టీవీల్లో చాలావాటికి మధ్యలో పీఠం ఉండదు, రెండు చివర్లా రెండు కాళ్లు ఉంటాయి. తెర వెడల్పు కంటే ఆ కాళ్ల మధ్య దూరం ముఖ్యం. బల్ల 30 అంగుళాలుండి కాళ్లు 33 అంగుళాల దూరంలో ఉంటే ఆ టీవీ నిలబడదు. గోడకు బిగించుకుందామంటే డార్మ్ గోడలకు రంధ్రాలు చేయడాన్ని చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవు. ఇక 4కే అన్న ముద్ర చూసి మురిసిపోయేవారికి ఒక మాట: 43 అంగుళాల తెరను ఆరడుగుల దూరం నుంచి చూస్తే, మామూలు చూపున్నవారికి ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా దాదాపు తెలియదు. లాప్‌టాప్ తగిలించి దగ్గర కూర్చుని చదువుకునేవారికి మాత్రం తెలుస్తుంది. అలాంటివారు అసలు టీవీ మానేసి 27 అంగుళాల మానిటర్ కొనుక్కుంటే చదువుకూ సినిమాకూ రెండింటికీ పనికొస్తుంది.

ఇంతవరకూ టేపుతో తేలే విషయాలు. రూమ్మేట్ సంగతి టేపుతో తేలదు.

తెలుగు ఇళ్లలో టీవీ హాల్లో ఉంటుంది, రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్నది వయసునుబట్టో అలవాటునుబట్టో తేలిపోతుంది. అమెరికాలో ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో పెరిగిన తెలుగు పిల్లలైనా, హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చి డిగ్రీలో చేరినవారైనా, ఒక తెర గురించి సమాన హక్కున్న అపరిచితుడితో మాట్లాడాల్సిన అవసరం అప్పటిదాకా వచ్చి ఉండదు. ఇక్కడ మొహమాటం రెండు వైపులా పనిచేస్తుంది. కొన్నవాడు ‘నా డబ్బు, నా టీవీ’ అనుకుని అడగడు. కొననివాడు ‘తన వస్తువు, నేనేం అనగలను’ అనుకుని నోరు మెదపడు. అక్టోబరు వచ్చేసరికి ఆ మౌనం చిరాకుగా మారుతుంది. తెర ఎంత పెద్దదైతే గదిలో దాని వెలుగు అంత దూరం పడుతుంది, రాత్రి పన్నెండింటికి అటు తిరిగి పడుకున్నా గోడ మీద రంగులు కదులుతూనే ఉంటాయి.

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు మొదటి వారాల్లోనే రూమ్మేట్ల చేత ఒక ఒప్పంద పత్రం రాయిస్తాయి. నిద్రవేళలు, అతిథులు, శుభ్రత, ఎవరి వస్తువులు ఎవరు వాడుకోవచ్చు అన్నవి అందులో ఉంటాయి. తగాదా వస్తే అంతస్తుకు బాధ్యుడైన రెసిడెంట్ అసిస్టెంట్ ఆ కాగితాన్నే ముందు పెట్టుకుని మాట్లాడతాడు. టీవీ మాట అక్కడే ఎత్తడం మంచిది, అదీ కొనకముందు. ఐపీఎల్ అభిమానికి ఇది మరీ అవసరం. మన రాత్రి ఏడున్నర మ్యాచ్ న్యూయార్క్‌లో ఉదయం పదింటికి మొదలవుతుంది, ఇబ్బంది లేదు. వారాంతంలో మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ మాత్రం అక్కడ తెల్లవారి ఆరింటికి, డల్లాస్‌లో ఐదింటికి. ‘ఏప్రిల్, మే నెలల్లో కొన్ని ఆదివారాలు నేను పెందలాడే లేస్తాను, హెడ్‌ఫోన్‌తోనే చూస్తాను, తెర నీ వైపు తిప్పను’ అని ముందే చెప్పగలిగినవాడు, ఉద్యోగంలో చేరాక మేనేజర్‌తో సెలవు గురించి మాట్లాడటానికి తడబడడు. అడగడం, చెప్పడం, అవతలివారు వద్దంటే తగ్గడం, ఈ మూడింటికీ ఇంత తక్కువ ఖర్చుతో సాధన మరోచోట దొరకదు.

ఇద్దరూ కలిసి సగం సగం డబ్బు వేసుకోవడం స్నేహంగా కనిపిస్తుంది. కానీ మే నెలలో గది ఖాళీ చేసేటప్పుడు టీవీని ఎవరు తీసుకెళ్లాలన్న ప్రశ్న అప్పుడే మొదలవుతుంది. ఒకరు టీవీ, ఇంకొకరు చిన్న ఫ్రిజ్ కొనుక్కుంటే విడిపోయేటప్పుడు లెక్కలుండవు.

అన్నీ కుదిరాక కూడా కొందరు నిర్ణయించుకోలేరు. వారాల తరబడి సమీక్షలు చదువుతారు, కొన్నాక కూడా వేరే మోడల్ ధర చూసి బాధపడతారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెర్బర్ట్ సైమన్ దీని మీద లోతుగా ఆలోచించాడు. మనిషి అన్ని అవకాశాలనూ తూచి అత్యుత్తమమైనది ఎంచుకోలేడనీ, తన అవసరానికి ఒక గీత గీసుకుని దాన్ని దాటిన దాంతో సరిపెట్టుకుంటాడనీ సైమన్ 1950లలోనే రాశాడు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి 1978లో ఆయనకు వచ్చింది. 2006లో షీనా అయ్యంగార్, రేచల్ వెల్స్, బ్యారీ ష్వార్ట్జ్ ప్రచురించిన అధ్యయనం ఈ ఆలోచనను విద్యార్థుల మీదే పరీక్షించింది. చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కుంటున్నవారిలో, అత్యుత్తమమైనదే కావాలని పట్టుబట్టినవారికి ఇరవై శాతం ఎక్కువ జీతం వచ్చింది. అయినా తమ ఉద్యోగం పట్ల సంతృప్తి వాళ్లకే తక్కువ. జీతం విషయంలో ఆ ఇరవై శాతానికి విలువుందని ఎవరైనా వాదించవచ్చు. తొమ్మిది నెలలుండే గదిలో టీవీకి అంత వెతుకులాట దండగ. గీత గీసుకోవడానికి నాలుగు అంకెలు చాలు: మంచం నుంచి దూరం, బల్ల వెడల్పు, కాళ్ల మధ్య దూరం, పెట్టగలిగిన డబ్బు. ఆ నాలుగింటికీ సరిపోయిన మొదటి టీవీ కొనేసి పుస్తకం తీయవచ్చు.

కొనే ముందు తెలుసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. క్యాంపస్ వైఫై చాలాచోట్ల విద్యార్థి పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది, టీవీల్లో చాలావాటికి ఆ పద్ధతిలో కలవడం రాదు. విశ్వవిద్యాలయ ఐటీ విభాగం దగ్గర టీవీ మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) నమోదు చేయించాల్సి వస్తుంది. రెండోది, చదువయ్యాక ఇండియాకు తీసుకెళ్లవచ్చన్న ఆశతో పెద్దది కొనడం. ఫ్లాట్ టీవీలను సుంకం లేకుండా సామానుతో తెచ్చుకునే వెసులుబాటును భారత ప్రభుత్వం 2013 ఆగస్టులో తీసేసింది. పైగా 120 వోల్టులకే తయారైన టీవీ అయితే మన 230 వోల్టుల దగ్గర నేరుగా పెట్టడానికి వీల్లేదు. వెనక అంటించిన చీటీ మీద 100–240 అని ఉందో లేదో చూడాలి. ఇండియాకు తీసుకెళ్లకపోయినా గది నుంచి మాత్రం దింపాల్సిందే: చివరి పరీక్ష అయిన మర్నాటికే గది ఖాళీ చేయమనే డార్మ్‌లు చాలా ఉన్నాయి. 32 అంగుళాల టీవీని విద్యార్థి ఒక్కడే మెట్లు దింపగలడు. 55 అంగుళాల దానికి ఇద్దరు మనుషులు, ఒక పెద్ద బండి కావాలి.