రాయిగా మారిన తల్లిని రాతిలో చెక్కడం

టర్కీలో మనీసా ఊరికి ఆనుకుని ఉన్న కొండను ప్రాచీన గ్రీకులు సిపిలస్ అనేవారు. రాయిగా మారిన నయోబీ అక్కడే ఉందని వాళ్ల నమ్మకం. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ ఆ కొండెక్కి చూశాడు. దగ్గరికెళ్తే అది ఉత్త బండేనని, దూరం జరిగితే మాత్రం తల వంచి ఏడుస్తున్న స్త్రీ కనబడుతుందని రాసిపెట్టాడు. అమూర్త శిల్పానికి ఇంతకన్నా మంచి కొలత నాకు తెలియదు. నయోబీని చెక్కాలనుకుంటే ఈ కొలతతోనే మొదలుపెట్టాలి.

ముందు కథలో ఏ క్షణం కావాలో తేల్చుకోవాలి. థీబ్స్ రాణి నయోబీకి ఏడుగురు కొడుకులు, ఏడుగురు కూతుళ్లు. ఇది రోమన్ కవి ఓవిడ్ లెక్క, గ్రీకు కవి హోమర్ ఆరుగురేసి అంటాడు. ఇద్దరే పిల్లలున్న లీటో దేవతను ఆమె ఎద్దేవా చేసింది. ఆ ఇద్దరూ అపోలో, ఆర్టెమిస్. వాళ్లు నయోబీ పిల్లల మీద వరసపెట్టి బాణాలు వేశారు. చివరి కూతుర్ని కొంగుచాటున దాచుకుని, ఈ ఒక్కదాన్నైనా వదలమని తల్లి వేడుకుంటుండగానే అదీ పోయింది. ఆ తల్లి రాయైపోయింది. మనకు అహల్య గుర్తొస్తుంది గానీ (వాల్మీకి అహల్యను రాయిగా మార్చలేదు, అది తర్వాతివాళ్ల కథ), అహల్యకు విముక్తి ఉంది. నయోబీకి లేదు.

1583లో రోమ్‌లో బయటపడి, ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉన్న నయోబీ విగ్రహం కూతుర్ని పొదువుకునే ఉంటుంది. అందులోంచి ముఖం, చేతులు, బట్టల మడతలు తీసేయండి. వంగిన వీపు మిగులుతుంది, దాని కింద పిల్ల ఉండాల్సిన చోటు మిగులుతుంది. ఆ చోటు ఖాళీ. మనం చెక్కేది ఆ ఖాళీనే. రాయికి చిల్లు పెట్టి దాన్నే రూపంగా నిలబెట్టడం 1932లో శిల్పి బార్బరా హెప్‌వర్త్ గులాబీరంగు అలబాస్టర్‌లో చేసి చూపింది.

చేతిలో ఇమిడే మట్టి నమూనా చేసుకోండి. ముక్కో కన్నో తొంగిచూస్తే బొటనవేలితో నులిమేయండి.

ఇక రాయి. మక్రానా పాలరాయైనా, కర్రారాదైనా సరే. 30 సెం.మీ. వెడల్పు, అంతే మందం, 50 సెం.మీ. ఎత్తు ఉన్న దిమ్మె దాదాపు 120 కిలోలు తూగుతుంది, ఒంటరిగా ఎత్తే పని పెట్టుకోవద్దు. సుత్తితో తడితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టే. నీళ్లు పోసి ఆరనివ్వండి, మిగతాదంతా ఆరాక కూడా తడిగా మిగిలిన గీత పగులే. బూడిదరంగు చారను కన్నీటి ధారగా వాడుకోవాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. సన్నగా చెక్కబోయే మెడకు అది అడ్డం పడకుండా చూసుకుంటే చాలు.

ఇసుక బస్తాల మీద దిమ్మెను కుదురుగా నిలిపి, నాలుగు వైపులా బొగ్గుతో గీసుకుని, మొన ఉలి అందుకోండి. ఉలిని ఏటవాలుగా పట్టాలి. నిటారుగా పెట్టి బాదితే పెచ్చు లేవదు, రాయి కమిలిపోతుంది. ఆ కమిలిన తెల్లమచ్చ అప్పుడు కనబడదు, అంతా నునుపు చేశాక తేలుతుంది. దాన్ని పోగొట్టాలంటే ఆ చుట్టుపక్కలంతా మళ్లీ దించాల్సిందే. సరిగా సాగితే దున్నిన చేనులా చాళ్లు పడతాయి. వాటికి అడ్డంగా పళ్ల ఉలి నడిపితే చాళ్లు చదునై వీపు వంపు బయటపడుతుంది. మాస్కు, కళ్లద్దాలు మొదటి దెబ్బకు ముందే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నాకు ఓపిక లేదు.

ఖాళీని ఉలితో తవ్వకండి, ఆ అదురుకు గోడ విరుగుతుంది. రెండు వైపుల నుంచీ డ్రిల్లుతో దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసి, మధ్య గోడల్ని కొద్దికొద్దిగా తీసేయాలి. లోపల చిన్న బల్బు పెట్టి గదిలో లైటు ఆర్పండి. పలచబడిన చోట పాలరాయి లోపల్నుంచి వెలుగుతుంది, మందంగా ఉన్నచోట చీకటిగానే ఉంటుంది. వెలుగు మరీ ఎక్కువైన చోట ఇక చేయి పెట్టొద్దు.

తర్వాత ఆకురాయి, దాని వెనక నీళ్లతో తడుపుతూ ఎమరీ కాగితం: 80, 120, 220, 400, 600. అయితే ఇది లోపలి భాగానికే. వీపు మీద పళ్ల ఉలి గీతలు అలాగే వదిలేయమంటాను. అంతా అద్దంలా మెరిపిస్తే చూసేవాడి కన్ను మెరుపు దగ్గరే ఆగిపోతుంది, వంపు దాకా పోదు.

రోజూ పని ఆపే ముందు గది చివరిదాకా వెళ్లి చూడండి. అక్కణ్నుంచి కూడా రాయే కనిపిస్తే వంపు చాలలేదు. పక్కనే నిలబడ్డా ఆడమనిషే కనిపిస్తుంటే ఎక్కువ చెప్పేశారు, ఆ భాగం చెరిపేయాలి.

పీఠానికి బిగించే కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. తుడవడానికి మంచినీళ్లు, మెత్తటి బట్ట చాలు. నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్ తగిలితే పాలరాతి నునుపు ఆ క్షణమే పోతుంది.