హనీ బ్యాడ్జర్‌కు ఆ పేరెలా వచ్చింది?

‘హనీ బ్యాడ్జర్ అంటే ఏమిటి?’ అని పిల్లలు అడిగితే ‘తేనె తినే జంతువు’ అని చెప్పేస్తాం. ఆ జవాబులో నిజం సగమే.

వీపు తెల్లగా, పొట్ట నల్లగా, కాళ్లు పొట్టిగా, ముంగాళ్ల గోళ్లు పొడవుగా ఉండే ఈ జంతువు ఆఫ్రికాలోనూ, పశ్చిమాసియాలోనూ, మన దేశంలోనూ ఉంది. మన తూర్పు కనుమల అడవుల్లోనూ తిరుగుతుంది. ఎక్కువగా రాత్రిపూట సంచరిస్తుంది కాబట్టి చూసినవారు తక్కువ.

దీని శాస్త్రీయ నామం మెల్లివోరా కాపెన్సిస్. లాటిన్‌లో ‘మెల్’ అంటే తేనె, ‘వొరారే’ అంటే ఆబగా తినడం. ‘కాపెన్సిస్’ అంటే దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానిది అని అర్థం. 1776లో జర్మన్ శాస్త్రవేత్త ష్రేబర్ దీన్ని ‘కాపెన్సిస్’ అన్నారు. అక్కడి ఆఫ్రికాన్స్ భాషలో దీని పేరు ‘రేటెల్’. గిలక్కాయలాంటి శబ్దం చేస్తుందని ఆ పేరు వచ్చిందని కొందరు, తేనెపట్టు అనే అర్థమున్న డచ్చి మాట నుంచి వచ్చిందని మరికొందరు అంటారు.

ఇక ‘బ్యాడ్జర్’ సంగతి. ఇదీ, ఐరోపా బ్యాడ్జరూ, మన నీటికుక్కా ఒకే కుటుంబానివి. అయినా ఐరోపా బ్యాడ్జర్‌కు ఇది దగ్గరి చుట్టం కాదు. మెల్లివోరా ప్రజాతిలో నేడు మిగిలింది ఇదొక్కటే.

తేనెపట్టును ఇది చీల్చేది ముఖ్యంగా అందులోని పిల్లపురుగుల కోసం. ఎలుకలు, పాములు, తేళ్లు కూడా దీని ఆహారమే. కానీ తేనెదొంగ అన్న ముద్ర పడింది. దక్షిణాఫ్రికాలో తేనెటీగల పెంపకందారులు బోనులు పెట్టి, విషం పెట్టి వీటిని చంపేవారు. తర్వాత తేలికైన ఉపాయం దొరికింది. తేనెపెట్టెలను సుమారు మీటరు ఎత్తున స్టాండుపై బిగిస్తే ఇది అందుకోలేదు. అలా జాగ్రత్తపడిన రైతుల తేనెను ప్రత్యేక గుర్తుతో అమ్మడం కూడా మొదలైంది.

మన ఉత్తరాదిన దీన్ని ‘కబర్ బిజ్జు’ అంటారు. కబర్ అంటే సమాధి. సమాధులు తవ్వుతుందన్న నమ్మకం వల్ల వచ్చిన పేరది. పునుగుపిల్లి జాతి జంతువులను కూడా కొన్నిచోట్ల అదే పేరుతో పిలుస్తారు. దాంతో ఒకదాని మీది భయం మరొకదానికీ అంటుకుంటుంది. భయపడి జనం కొట్టేది ప్రాణమున్న జంతువునే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీన్ని చేర్చి రక్షణ కల్పించారు.

మీ ఊరి పరిసరాల్లో ఇలాంటి జంతువు కనిపిస్తే కొట్టకండి, చుట్టుముట్టకండి. అటవీశాఖకు కబురు చేయండి. పిల్లలకు పేరుతోపాటు ఈ సంగతీ చెప్పండి.