కీళ్ళవాతమును కనిపెట్టు డాప్లర్ పరీక్ష
పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో చేతులే జీవనాధారముగా గల కుటుంబములు వేలకొలదిగా ఉన్నవి. ఒక ఇంటిలో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుదురు. మరొక ఇంటిలో సాంచాలపై బట్ట నేయుదురు. పొలముల మీద బ్రతుకువారు వరినాట్లు వేయుదురు, పసుపు త్రవ్వుదురు. ఈ పనులన్నిటికిని వ్రేళ్ళు వంగవలెను, మణికట్టు తిరుగవలెను, మోకాలు నిలువవలెను. ఇట్టిచోట కీళ్ళు పట్టుకొనిపోవుట ఒక మనిషి బాధతో ముగియునది కాదు. ఆ ఇంటికి వచ్చు కూలియే నిలిచిపోవును. ఈ కారణముచేత కీళ్ళవాతమును గూర్చియు, దానిని తొలిదశలో కనిపెట్టుటకు వైద్యులు వాడుచున్న డాప్లర్ పరీక్షను గూర్చియు ఈ వ్యాసమున వివరింప దలచినాము.

ఒక ఉదాహరణము తీసికొందము. బీడీలు చుట్టు ఒక ఇల్లాలికి ముప్పదియైదేండ్లు. ఉదయము లేచినంతనే ఆమె పిడికిలి ముడుచుకొనదు. గంటసేపు గడచినగాని చేయి స్వాధీనములోనికి రాదు. రెండు చేతుల వ్రేళ్ళ మొదళ్ళు వాచియుండును. "బీడీలు చేసీ చేసీ చేతులు గుంజుతున్నయ్, అంతే" అని ఇరుగుపొరుగువారందురు. ఊరిలో సూదులు వేయు అతని యొద్దకు ఆమె పోవును. "అక్కా, ఒక్క సూది ఏస్త, రేపటికల్ల తగ్గుతది" అని అతడు ధైర్యము చెప్పును. నిజముగనే తగ్గును. పదిదినములకు నొప్పి మరల వచ్చును, మరల సూది పడును. ఇట్లు రెండేండ్లు గడచునప్పటికి వ్రేళ్ళు ప్రక్కకు ఒరిగిపోయి, ఆకు పట్టుకొనుటకైనను వీలుపడదు. ఇట్టి ఇల్లాలు మీ గ్రామమునందును ఉండవచ్చును. ఆమెకు కావలసినది ఎక్కువ ధైర్యము కాదు, తగిన సమయమున తగిన చోటికి పోవుట.

కీళ్ళనొప్పులన్నియు ఒకటి కావు

వయస్సు మీరినవారికి మోకాలి ఎముకల చివరనుండు మెత్తని మృదులాస్థి అరిగిపోవుటచే వచ్చు నొప్పి ఒకటి. ఇది పని చేసినకొలది హెచ్చును, విశ్రాంతిచే తగ్గును. రక్తములో యూరిక్ ఆమ్లము హెచ్చి, దాని స్ఫటికములు కీలులో పేరుకొనుటచే వచ్చు గౌట్ మరియొకటి. ఇది తరచుగా కాలి బొటనవ్రేలియందు ఒక్కరాత్రిలో పుట్టును. దోమల వలన వచ్చు చికున్‌గున్యా జ్వరము వేరొకటి. 2005-06 సంవత్సరములలో ఆ జ్వరము మన ప్రాంతమున విస్తారముగా వ్యాపించినప్పుడు, జ్వరము పోయిన తరువాతను నెలల తరబడి కీళ్ళనొప్పులతో బాధపడినవారు అనేకులు. పనిభారముచే నరములవంటి కండర బంధనములు వాచుటయు కలదు.

వీటన్నిటికంటె వేరైనది రుమటాయిడ్ కీళ్ళవాతము. శరీరమును రోగములనుండి కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి తన కీళ్ళపై తానే దాడిచేయుట దీని స్వభావము. కీలు లోపలి భాగమును ఒక పలుచని పొర కప్పియుండును. ఆ పొర వాచి, దళసరియై, క్రొత్త రక్తనాళములను పెంచుకొని, క్రమముగా మృదులాస్థిని, ఎముకను తినివేయును. మన దేశమున వేయిమంది పెద్దవారిలో అయిదుగురు మొదలు ఏడుగురి వరకు ఈ వ్యాధి ఉండునని అంచనా. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు హెచ్చుగా వచ్చును. రెండువేలమంది పెద్దవారుండు గ్రామములో పదిమందియైన ఉండవచ్చునని దీనినిబట్టి తెలియుచున్నది.

ఎముక ఒకసారి తినివేయబడిన పిమ్మట తిరిగి పూర్వరూపమునకు రాదు. కావున లక్షణములు కనిపించిన తొలి మూడు మొదలు ఆరు నెలలలో చికిత్స ప్రారంభించుట మిక్కిలి ముఖ్యము. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. ఆ తొలి నెలలలో ఎక్స్‌రే చిత్రము తరచుగా మామూలుగానే కనబడును. రక్తపరీక్షలో చూచు రుమటాయిడ్ ఫాక్టర్ ఈ రోగులలో నూటికి ఇరువది మొదలు ముప్పదిమందికి కనబడనే కనబడదు. ఇట్టి సందేహమున వైద్యునికి తోడ్పడునది డాప్లర్ అల్ట్రాసౌండ్ పరీక్ష.

డాప్లర్ అనగానేమి?

పెద్దపల్లినుండి నిజామాబాదు పోవు రైలుమార్గము జగిత్యాల, కోరుట్లల మీదుగా సాగుచున్నది. పట్టాల ప్రక్కన నిలిచి వినినచో, కూతవేయుచు మనవైపు వచ్చు రైలు స్వరము సన్నగా, హెచ్చుగా వినబడును. మనలను దాటిపోయిన మరుక్షణమే ఆ కూత దిగిపోయి లావుగా వినబడును. కూత మారలేదు, రైలు కదలుటచే మన చెవికి అట్లు తోచినది. ఆస్ట్రియా దేశమున 1803లో జన్మించిన క్రిస్టియన్ డాప్లర్ అను శాస్త్రజ్ఞుడు 1842లో ప్రేగ్ నగరమున ఈ సూత్రమును వెల్లడించెను. 1845లో హాలండు దేశమున బయస్ బాలట్ అను శాస్త్రజ్ఞుడు రైలుబండిపై బాకాలు ఊదువారిని నిలిపి, స్వరజ్ఞానము గలవారిని పట్టాల ప్రక్కన నిలిపి, ఈ సూత్రము నిజమని చూపెను.

అదే సూత్రమును వైద్యమున వాడుచున్నారు. మన చెవికి సెకనుకు ఇరువదివేల కంపనములకు మించిన ధ్వని వినబడదు. చేతివ్రేళ్ళ కీళ్ళను పరీక్షించు యంత్రము సెకనుకు కోటి కంపనములకు మించిన ధ్వనిని శరీరములోనికి పంపును. ఆ ధ్వని లోపలి భాగములను తాకి ప్రతిధ్వనిగా తిరిగివచ్చును. దానినుండి కీలు చిత్రము తెరపై ఏర్పడును. ఇది సాధారణ అల్ట్రాసౌండ్. కదలుచున్న రక్తకణములను తాకి వచ్చిన ప్రతిధ్వని మాత్రము, రైలుకూతవలెనే, కొంచెము మారియుండును. ఆ మార్పును లెక్కగట్టి, రక్తము ప్రవహించుచోట యంత్రము రంగు వేయును. ఇది డాప్లర్. 1950-60 దశాబ్దమున జపానులోని ఒసాకాలో షిగెయో సతోమురా గుండె కదలికలను తెలిసికొనుటకు దీనిని ప్రయోగించెను. సన్నని నాళములలో నెమ్మదిగా పారు రక్తమునుగూడ చూపు 'పవర్ డాప్లర్' అను పద్ధతి 1990 తరువాత వాడుకలోనికి వచ్చి, కీళ్ళ పరీక్షకు మిక్కిలి ఉపయోగపడినది.

చిత్రమున వైద్యుడు చూచునది

ఆరోగ్యముగా ఉన్న కీలు పొరలో డాప్లర్ రంగు దాదాపు కనబడదు. వాపు రగులుచున్న పొరలో క్రొత్త రక్తనాళములుండుటచే రంగు చుక్కలు తేలును. పొయ్యిలో బూడిద క్రింద నిప్పున్నదో లేదో ఊది చూచినట్లే, పైకి కనబడని వాపును డాప్లర్ చూపునన్నమాట. వైద్యులు దీనిని నాలుగు తరగతులుగా లెక్కింతురు. రంగు లేనిచో సున్న. విడివిడిగా కొన్ని చుక్కలే ఉన్నచో ఒకటి. వాచిన పొరలో సగమువరకు ఉన్నచో రెండు. సగమునకు మించినచో మూడు.

ఎక్స్‌రేలో ఇంకను కనబడని చిన్నచిన్న ఎముక గండ్లుగూడ అల్ట్రాసౌండులో తరచుగా కనబడును. గౌట్ ఉన్నచో మృదులాస్థిపై స్ఫటికములు తెల్లని గీతవలె తోచును. అరుగుదల యున్నచో మృదులాస్థి పలుచబడుట, ఎముక అంచులు పెరుగుట కనబడును. పనిభారముచే వాచినది కీలా, లేక దాని ప్రక్కనుండు బంధనపు తొడుగా అనునదియు తేలును. ఒకే నొప్పిగా తోచిన పలు వ్యాధులు ఇట్లు వేరుపడుచున్నవి.

ఈ పరీక్షలో సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు. చర్మముపై జిగురువంటి పదార్థమును రాసి, ఒక చిన్న పరికరమును ఆనించి చూతురు. పరికరమును గట్టిగా అదిమినచో సన్ననాళములు మూసికొనిపోయి రంగు మాయమగును. కనుక కీళ్ళ పరీక్షలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుని చేతనే ఇది జరుగవలెను. కొద్దిదినముల క్రితము స్టిరాయిడ్ సూది వేయించుకొనియున్నచో రంగు తగ్గి కనబడవచ్చును. ఆ సంగతి దాచక వైద్యునికి చెప్పవలెను.

పరీక్షకు గల హద్దులు

డాప్లర్ పరీక్ష చికిత్స కాదు. రోగిని విచారించి, కీళ్ళను చేతితో తాకి చూచు వైద్యునికి బదులు కాదు. చికిత్సలో నున్న రోగులందరికిని మాటిమాటికి అల్ట్రాసౌండ్ చేసి మందులు మార్చినంతమాత్రమున అదనపు మేలు కలుగలేదని నార్వే దేశమున జరిగి 2016లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. సందేహము తీర్చుకొనుటకును, నొప్పి తగ్గినను లోపల వాపు మిగిలినదేమో చూచుటకును ఇది వైద్యుని ఆయుధము. "స్కాను తీయించుకొంటిమి, ఇక భయము లేదు" అనుకొనుట పొరపాటు. వైద్యుడు వ్రాయకుండ ఎవరికివారు పోయి డబ్బు పెట్టి తీయించుకొనుటయు వ్యర్థము.

మందుల విషయమున జాగ్రత్త

ఈ వ్యాధికి మొదట వాడు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. ఇది వారమునకు ఒక్కసారి మాత్రమే వేసికొనవలసిన మందు. పొరపాటున దినదినము వేసికొనినచో ప్రాణాపాయము కలుగును. చదువురాని వృద్ధులకు ఏ వారమున, ఏ దినమున వేసికొనవలెనో ఇంటివారు గుర్తుచేయవలెను. ఈ మందు వాడువారు వైద్యుడు చెప్పిన ప్రకారము రక్తపరీక్ష చేయించుకొనుచుండవలెను. కల్లు, సారా మానవలెను. గర్భవతులు, గర్భము ధరింపగోరువారు దీనిని వాడరాదు. వారికి వైద్యుడు వేరు మందులు ఇచ్చును. పొగత్రాగుట ఈ వ్యాధి వచ్చు అవకాశమును పెంచును, మందుల గుణమును తగ్గించును.

పేరు తెలియని మాత్రలు, సూదులు తరచుగా స్టిరాయిడులై యుండును. వైద్యుడు లెక్కప్రకారము ఇచ్చినప్పుడు స్టిరాయిడ్ మంచిమందే. లెక్కలేక వాడినచో మధుమేహము, ఎముకల బలహీనత, అంటువ్యాధులు కలుగును. అయితే చాలకాలము వాడినవారు దానిని ఒక్కసారిగా మానుటయు అపాయకరమే. వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించుకొనవలెను.

పిల్లలకు గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారములకు జ్వరముతో ఒక కీలునుండి మరియొక కీలునకు నొప్పి మారుచున్నచో అది రుమాటిక్ జ్వరము కావచ్చును. దీనివలన కీళ్ళు బాగుపడినను గుండె కవాటములు చెడవచ్చును. ఇచ్చటను డాప్లర్ సూత్రమే ఉపకరించుచున్నది. గుండె పరీక్షలో కవాటమునుండి వెనుకకు కారు రక్తమును అది చూపును. ఇట్టి పిల్లలను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. వ్రేళ్ళ మొదళ్ళలో వాపు, ఉదయము అరగంటకు మించి బిగుసుకొనిపోవుట, మెల్లగా కరచాలనము చేసినను నొప్పి పుట్టుట - ఈ మూడు గుర్తులను గ్రామసభలో చెప్పించవలెను. వీటిలో ఏ ఒక్కటి యున్నను ఆశా కార్యకర్త వారి పేరు వ్రాసికొని, పల్లె దవాఖానకు గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని పంపవలెను.

2. బీడీ కార్ఖానాల యొద్ద, సాంచాల షెడ్ల యొద్ద ఈ సంగతి విశేషముగా ప్రచారము చేయవలెను.

3. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రియందు కీళ్ళవాత వ్యాధుల ప్రత్యేక విభాగమున్నది. ముందుగా దగ్గరి ఆసుపత్రిలో చూపించి, అచ్చటి వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీతో ముందుకు పోయినచో శ్రమ, ఖర్చు తగ్గును. ఆరోగ్యశ్రీ వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగవలెను.

4. "స్కాను యంత్రము మీ ఊరికే తెచ్చెదము" అని వచ్చువారిని నమ్మి శిబిరము పెట్టించరాదు. గర్భస్థ శిశువు లింగనిర్ధారణను నిషేధించు 1994 నాటి చట్టము ననుసరించి ప్రతి అల్ట్రాసౌండ్ కేంద్రము నమోదు కావలెను. ఇట్టివారు వచ్చినచో జిల్లా వైద్యాధికారికి తెలియజేయవలెను.

5. కీళ్ళు పట్టినవారిని పనికిరానివారుగా చూడరాదు. చికిత్స పొందిన పలువురు తిరిగి తమ పనులు చేసికొనగలరు.

సభ్యులారా! వీధిదీపము వెలుగనిచో మరునాడే మీకు ఫిర్యాదు వచ్చును. ఉదయమున పిడికిలి ముడుచుకొనని ఇల్లాలు మాత్రము ఎవరికిని ఫిర్యాదు చేయదు; "పనిచేతులు గదా, నొవ్వవా" అని తనకు తానే చెప్పుకొనును. ఆమె ఇంటి ముంగిట ఒక్క నిమిషము నిలిచి, "ఎన్ని నెలలాయెనమ్మా?" అని అడుగుడు. ఆరు నెలలు కాకమున్నే ఆ ప్రశ్న అడిగినచో ఆ చేతులు పనిచేతులుగనే మిగులగలవు.