ఒక్క అక్షరం తేడా: జన్యువులు, రక్తం, మన కుటుంబాలు



రక్తం కావాలన్న కబురు రాగానే లేచి వెళ్లే యువకులు మన మొహల్లాల్లో ఉన్నారు. ప్రమాదంలో గాయపడినవారికి, కాన్పు కష్టమైన తల్లికి ఆ అవసరం ఒకసారో రెండుసార్లో వస్తుంది. కానీ కొందరు పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, బతికినంతకాలం రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. వారిది థలసీమియా అనే జబ్బు. అది ఎలా వస్తుంది, రాకుండా ఆపడం ఎంతవరకు మన చేతుల్లో ఉంది అన్నది తెలిస్తే మనం ఇచ్చే రూపాయి, మనం ఇచ్చే రక్తం ఇంకా బాగా అక్కరకు వస్తాయి. అందుకే పదో తరగతి పిల్లలకు చెప్పే అనువంశికత పాఠాన్ని ఈసారి పెద్దల కోసం విడమరచి చెబుతున్నాం.

నాలుగు అక్షరాల గ్రంథం

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒక కేంద్రకం, అందులో 46 క్రోమోజోములు ఉంటాయి. అవి 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మ ఇచ్చినది, ఒకటి నాన్న ఇచ్చినది. వీటిలో ఉన్న పదార్థమే డి.ఎన్.ఏ. అది మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుందని 1953లో వాట్సన్, క్రిక్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త చేసిన ఎక్స్‌రే పరిశోధన వారికి ముఖ్యమైన ఆధారం అయింది.

ఆ నిచ్చెన మెట్లు నాలుగు రసాయనాలతో తయారవుతాయి. వాటికి ఎ, టి, జి, సి అని గుర్తులు. ఎ ఎదుట టి, జి ఎదుట సి నిలబడతాయి. తెలుగుకు యాభైకి పైగా అక్షరాలు కావలసి వచ్చాయి. శరీరం తన గ్రంథమంతా ఈ నాలుగింటితోనే రాసుకుంది. అమ్మ నుంచి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు, నాన్న ప్రతిలో మరో 300 కోట్లు. ఈ వరుసలో ఏ ప్రోటీనును ఎలా తయారు చేయాలో చెప్పే భాగాన్ని జన్యువు అంటాం. మనిషిలో ఇలాంటి జన్యువులు 20,000 దాకా ఉన్నాయి.

ఇంత పెద్ద గ్రంథంలో ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. కొన్నిసార్లు అర్థమే మారిపోతుంది. ఉర్దూ చదివినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. పైన ఉండాల్సిన నుక్తా కిందికి దిగితే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుంది. తెలుగులో దీర్ఘం ఎగిరిపోతే 'కాలం' 'కలం' అవుతుంది. రక్తం విషయంలోనూ అంతే.

రక్తం ఎందుకు నిలవదు?

ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్ మన ఊపిరిలోని ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకెళ్తుంది. అది రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు కలిసిన ప్రోటీను. బీటా గొలుసుకు సూచన ఇచ్చే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. ఆ జన్యువులో ఒక చోట ఒక్క అక్షరం మారితే సికిల్ సెల్ జబ్బు వస్తుంది. ఇంకొన్ని చోట్ల మారితే బీటా గొలుసు తక్కువగా తయారవుతుంది, లేదా అసలు తయారు కాదు. అదే బీటా థలసీమియా. మన దేశంలో దీనికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఒకచోట జి ఉండాల్సిన స్థానంలో సి ఉండటమే.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దానికి బీటా గొలుసుతో పని లేదు. అందుకే ఈ జబ్బున్న బిడ్డ పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఆరు నెలలు దాటాక పాలిపోవడం, పాలు తాగకపోవడం, పొట్ట ఉబ్బడం మొదలవుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు నజర్ తగిలిందనుకుంటారు, దిష్టి తీస్తారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి.

రక్తం ఎక్కిస్తే బిడ్డ కోలుకుంటుంది. కానీ ప్రతి సంచి రక్తంతోపాటు సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము కూడా ఒంట్లోకి వెళ్తుంది. అదనపు ఇనుమును బయటకు పంపే దారి మన శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని తీసేందుకు రోజూ మందు వాడాలి. రక్తం ఉచితంగా దొరికిన కుటుంబం కూడా ఈ మందుల దగ్గర, పరీక్షల దగ్గర చితికిపోతుంది.

ఎవరి తప్పు?

అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు బీటా జన్యువులు బిడ్డకు వస్తాయి. రెండిట్లో ఒకటే లోపం గలదైతే ఆ మనిషి వాహకుడు. దీన్నే థలసీమియా మైనర్ అంటారు. వాహకులు మామూలుగా చదువుకుంటారు, పని చేసుకుంటారు, ముసలితనం దాకా బతుకుతారు. కొద్దిగా రక్తం తక్కువ ఉండొచ్చు, అంతే. చాలామందికి తాము వాహకులమన్న సంగతే తెలియదు.

తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతేనే చిక్కు. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు పూర్తి జబ్బు వచ్చే అవకాశం, నాలుగింట రెండు వంతులు వాహకంగా పుట్టే అవకాశం, నాలుగింట ఒక వంతు ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం ఉంటాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదని లెక్కవేస్తారు. నాణెం ఎగరేసిన ప్రతిసారీ బొమ్మో బొరుసో కొత్తగానే పడుతుంది, పాత లెక్క దానికి గుర్తుండదు. కాన్పు కూడా అంతే.

ఈ లెక్కలో ఇంకొక మాట దాగి ఉంది. జబ్బు రావాలంటే తండ్రి జన్యువు, తల్లి జన్యువు రెండూ కలవాలి. కాబట్టి కోడలి వల్లే ఇలా అయిందనే మాటకు శాస్త్రంలో చోటు లేదు. బిడ్డ జబ్బు ఒక దుఃఖమైతే, ఆ నింద తల్లికి రెండో దుఃఖం. పెద్దలు ఈ ఒక్క మాట ఇంట్లో గట్టిగా చెప్పగలిగితే ఎన్నో కాపురాలు నిలబడతాయి.

చుట్టరికపు పెళ్లిళ్లు

మన దేశంలో వాహకులు సగటున 100 మందిలో 3 నుంచి 4 మంది ఉంటారని అంచనా. అంటే బయటి సంబంధంలో అవతలివారు వాహకులయ్యే అవకాశం సుమారు 28లో ఒకటి. అదే చాచా కూతురో, ఖాలా కొడుకో అయితే? ఒక వాహకుడికి ఆ జన్యువు చుట్టరికం ఉన్న వైపు నుంచే వచ్చి ఉండే అవకాశం సగం. ఆ తల్లి లేదా తండ్రి తోబుట్టువుకూ అది ఉండే అవకాశం అందులో సగం. ఆ తోబుట్టువు బిడ్డకు చేరే అవకాశం మళ్లీ సగం. మూడుసార్లు సగం చేస్తే 8లో ఒకటి. ప్రమాదం మూడు రెట్లకు పైగా పెరిగినట్టు.

ఇది ఒక్క మన సమాజపు సంగతి కాదు. తెలుగు నేలమీద మేనరికాలు అన్ని వర్గాల్లోనూ పాత ఆచారమే. ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల మీద 1960ల తొలినాళ్లలోనే పరిశోధన చేసి ప్రచురించిన ఇద్దరిలో ఒకరు పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, మరొకరు పి. మీరా ఖాన్. మీరా ఖాన్ తర్వాత నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రవేత్తగా పనిచేశారు. ఈ విషయం చెప్పినప్పుడల్లా మా విద్యార్థుల కళ్లలో మెరుపు కనిపిస్తుంది.

చుట్టరికంలో నిఖా చేసుకోవద్దని మేము చెప్పడం లేదు. షరీయత్ దాన్ని అనుమతించింది. పరీక్ష చేయించుకున్నాక చేసుకోండి అన్నదే మా మనవి.

ఇంత నష్టం చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచింది? మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో వాహకులకు ఆ జ్వరం నుంచి కొంత రక్షణ దొరికి ఉండాలని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఊహించారు. తర్వాతి పరిశోధనలు ఆ ఊహను బలపరిచాయి. ఆయనే తర్వాత భారతదేశానికి వచ్చి స్థిరపడ్డారు. ఒక జన్యువు ఒంటరిగా ఉంటే మేలు, జంటగా వస్తే కీడు. కాబట్టి వాహకుడిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రక్షణ సైన్యం, అపరిచితుడి రక్తం

ఇక రోగనిరోధక వ్యవస్థ సంగతి. మన తెల్ల రక్తకణాలు కోటకు కాపలా సైనికుల వంటివి. తమవారెవరో పరాయివారెవరో గుర్తుపట్టడం వాటి మొదటి పని. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తపు గ్రూపులను కనుగొన్నాకే ఒకరి రక్తం మరొకరికి సురక్షితంగా ఎక్కించడం సాధ్యమైంది. అయితే ఎ, బి, ఒ, ఆర్‌హెచ్ కాక ఇంకా ఎన్నో చిన్న గుర్తులు ఎర్రకణాల మీద ఉంటాయి. వందల సంచులు ఎక్కిన బిడ్డలో వాటికి వ్యతిరేకంగా ప్రతిదేహాలు తయారై, సరిపోయే రక్తం దొరకడమే కష్టమవుతుంది.

కణాలకు గుర్తింపు కార్డు లాంటి మరో గుర్తు హెచ్.ఎల్.ఎ. దాని జన్యువులు 6వ క్రోమోజోము మీద ఉంటాయి. థలసీమియాను పూర్తిగా నయం చేయగల చికిత్స ఎముక మజ్జ మార్పిడి. నల్లి ఎముకలో మనం చూసే మూలుగ లాంటిదే మనలోనూ ఉంది. రక్తం పుట్టేది అక్కడే. దాత గుర్తింపు కార్డు, బిడ్డ గుర్తింపు కార్డు కలిస్తే మార్పిడికి మంచి అవకాశం. సొంత తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరు తోబుట్టువులుంటే కనీసం ఒకరితో కలిసే అవకాశం 100కు 44. ఆ తోబుట్టువు వాహకుడైనా మజ్జ ఇవ్వవచ్చు.

మరి రక్తం కూడా ఇంట్లోవాళ్లదే మంచిది కదా అని చాలామంది అనుకుంటారు. సంగతి తలకిందులు. దగ్గరి బంధువుల గుర్తింపు కార్డులు ఒకేలా ఉండవచ్చు. అప్పుడు వారి రక్తంలోని తెల్లకణాలను బిడ్డ శరీరం పరాయివిగా గుర్తుపట్టదు. అవి లోపల స్థిరపడి బిడ్డ మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదైనదే కానీ ప్రాణాంతకం. అందుకే దగ్గరి బంధువుల రక్తాన్ని వైద్యులు మామూలుగా వద్దంటారు. తప్పనిసరైతే కిరణాలతో శుద్ధి చేశాకే ఎక్కిస్తారు. ఆ బిడ్డను బతికించేది, పేరు కూడా తెలియని దాత ఇచ్చిన రక్తం. దానం ఎందుకు అవసరమో దీనికన్నా బాగా చెప్పే పాఠం మాకు తెలియదు.

ఒక్క పరీక్ష

వాహకులను కనిపెట్టడం సులభం. ముందు సి.బి.పి. అనే మామూలు రక్తపరీక్ష. అందులో ఎర్రకణాల పరిమాణం చిన్నగా ఉంటే హెచ్.పి.ఎల్.సి. పద్ధతిలో హిమోగ్లోబిన్ ఎ2 చూస్తారు. అది 3.5 శాతం దాటితే సాధారణంగా వాహకులుగా భావిస్తారు. ఇనుము లోపం ఉంటే ఫలితం తారుమారు కావచ్చు కాబట్టి వైద్యుడే చూసి చెప్పాలి. రక్తహీనత అనుకుని ఏళ్ల తరబడి ఇనుము మాత్రలు మింగుతున్నా తగ్గనివారు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి.

ఎప్పుడు చేయించాలన్నది ముఖ్యం. సౌదీ అరేబియా 2004 నుంచి నిఖాకు ముందు ఈ పరీక్షను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరాల్లో ప్రమాదం ఉందని తెలిసిన జంటల్లోనూ ఎక్కువమంది పెళ్లి చేసుకున్నారు. తేదీ ఖాయమై, దావత్ ఏర్పాట్లు జరిగాక ఫలితం చేతికొస్తే ఎవరు వెనక్కి తగ్గుతారు? ఇరాన్ 1997లో దేశమంతటా ఈ పరీక్షలు మొదలుపెట్టింది, సలహా కేంద్రాలు పెట్టింది. అక్కడ కొత్తగా పుట్టే థలసీమియా పిల్లల సంఖ్య బాగా తగ్గింది. ఈ అనుభవాల నుంచి మేము నేర్చుకున్నది ఒకటే. సంబంధాలు చూడకముందే, ఇంటర్ లేదా డిగ్రీ చదివే వయసులోనే పరీక్ష జరగాలి. ఫలితం ఆ పిల్లకో పిల్లవాడికో, తల్లిదండ్రులకో మాత్రమే తెలియాలి. వాహకులు వాహకులు కాని వారిని చేసుకుంటే పిల్లలకు థలసీమియా మేజర్ రాదు. అంటే ఎవరి పెళ్లీ ఆగనక్కర్లేదు.

ఇప్పటికే పెళ్లయిన వాహక దంపతులకు గర్భం తొలి నెలల్లో చేసే పరీక్షలున్నాయి. ఆ తర్వాతి నిర్ణయం బరువైనది. వైద్యులను, ఉలమాలను అడిగి తీసుకోవాల్సినది. పెళ్లికి ముందే తెలిస్తే ఆ బరువు మోయాల్సిన అవసరమే రాదు.

దాతలు చేయగలిగినవి

మొదటిది, రక్తం. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకు తగ్గకుండా బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి. వేసవిలో కాలేజీలు మూతపడి దాతలు తగ్గుతారు. పిల్లల అవసరం మాత్రం తగ్గదు. రంజాన్ నెలలో ఇఫ్తార్ తర్వాత శిబిరాలు పెట్టుకోవచ్చు.

రెండోది, పరీక్షల ఖర్చు. ఒక బిడ్డ జీవితాంతపు చికిత్సకయ్యే సొమ్ముతో ఎన్నో మొహల్లాల యువతకు పరీక్షలు చేయించవచ్చు. ఖాజీ సాహెబ్‌లు, మస్జిద్ కమిటీలు జుమా నాడు ఒక్క మాట చెబితే పని సగం అయినట్టే.

మూడోది, దారి చూపడం. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ పిల్లల కోసమే పనిచేస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం థలసీమియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. అర్హులైన పిల్లల మజ్జ మార్పిడికి కోల్ ఇండియా సంస్థ 2017లో మొదలుపెట్టిన పథకం కింద 10 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. ఇవి తెలియని తల్లిదండ్రులకు, దరఖాస్తు నింపడం రాని తల్లిదండ్రులకు చదువుకున్నవారు తోడుగా వెళ్లడం కూడా సదఖాయే.

జబ్బుకు చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) చెప్పారు. జబ్బు రాకముందే జాగ్రత్తపడటం అంతకన్నా తేలిక. ఈ సంవత్సరం మన ఇళ్లలో నిఖా వయసుకు వస్తున్న ప్రతి బిడ్డకూ ఒక్క రక్తపరీక్ష చేయిద్దాం. రోగంతో ఉన్న పిల్లలకు అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక, వారికోసం ఇచ్చిన ప్రతి చేతికీ బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.