నల్లరేగడి ముంగిళ్లలో కృత్రిమ పచ్చిక: ఎంపిక, పునాది, నీటి పారుదల

సికింద్రాబాదు పరిసరాలు ప్రధానంగా గ్రానైటు శిలలపై ఏర్పడిన ఎర్రచల్కా నేలలు. అయినప్పటికీ పల్లపు ప్రదేశాలలోను, పూర్వపు చెరువుల శిఖం భూముల అంచులలోను బరువైన నల్లరేగడి కనిపిస్తుంది. ఇల్లు కట్టేటపుడు ఎత్తు పెంచడానికి బయటినుంచి తెచ్చి పోసిన మట్టి కూడా అనేక చోట్ల బంకమన్నే. ఇటువంటి ముంగిళ్లలో నాటిన గడ్డి వానాకాలంలో వేరు కుళ్లి, వేసవిలో నెర్రెల నడుమ ఎండిపోతుంది. విసిగిన గృహస్థులు కృత్రిమ పచ్చికను ఆశ్రయిస్తున్నారు. కొనేవారి దృష్టి సహజంగానే పోగు రంగుమీద, మెత్తదనంమీద నిలుస్తుంది. బంకనేలలో ఆ పచ్చిక మన్నిక మాత్రం దాని కింది పునాదిపైన, నీరు వెలుపలికి పోయే మార్గంపైన ఆధారపడి ఉంటుంది.

నల్లరేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక ఖనిజం నీటిని తన పొరల మధ్యకు పీల్చుకొని ఉబ్బుతుంది. ఎండినపుడు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. సహజమైన గడ్డి ఈ కదలికతో పాటు సర్దుకుంటుంది. కృత్రిమ పచ్చిక అలా సర్దుకోలేదు. అతుకులు విడిపోతాయి, అంచులు లేస్తాయి, కుంగిన చోట నీరు నిలిచి దుర్వాసన పుడుతుంది.

నేల పరీక్ష

ముందుగా పొడవు, వెడల్పు, లోతు 30 సెం.మీ. చొప్పున ఒక గుంత తీసి, నీటితో నింపి రాత్రంతా వదలాలి. మరునాడు తిరిగి నింపి, గంటకు ఎంత నీరు దిగుతున్నదో కొలవాలి. గంటకు 1 సెం.మీ. కన్నా తక్కువ దిగితే ఆ నేల తనంతట తాను నీటిని వదిలించుకోలేదని గ్రహించాలి. ఇదే సందర్భంలో గడ్డపారతో మరికొంత లోతు చూడటం మేలు. నల్లమట్టి పొర పలుచగా ఉండి కింద మొరం తగిలితే ఆ మట్టిని పూర్తిగా తొలగించడమే ఉత్తమం. ఖర్చు ఎక్కువైనా సమస్య మూలంతో సహా పోతుంది.

మొరం అందని చోట ఒక చిన్న లెక్క ఉపకరిస్తుంది. 1,000 చదరపు అడుగుల (సుమారు 93 చదరపు మీటర్ల) ముంగిట 50 మి.మీ. వాన కురిస్తే సుమారు 4,650 లీటర్ల నీరు చేరుతుంది. 15 సెం.మీ. మందం గల కంకర పొరలో 35 శాతం ఖాళీలు ఉన్నాయనుకుంటే దాదాపు 4,900 లీటర్లు ఇముడుతుంది. అంటే ఒక పెద్ద వానను ఆ పునాది ఎలాగో దాచుకోగలదు. కానీ అడుగున ఉన్న బంకమన్ను గంటకు 2 మి.మీ. చొప్పున మాత్రమే పీల్చుకుంటే, ఆ నీరు ఖాళీ కావడానికి ఒక పగలు, ఒక రాత్రి పైగా పడుతుంది. మరునాటి సాయంత్రం మరో వాన వస్తే నీరు పచ్చికపైకి తేలుతుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో సుమారు 24 సెం.మీ. వర్షం నమోదైంది, అటువంటి రోజున ఎంత లోతు కంకర వేసినా చాలదు. బంకనేలలో తవ్వి కంకర నింపడమంటే ఒక తొట్టిని కట్టడమే. తొట్టికి తూము లేకపోతే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

పునాది

తవ్విన అడుగుభాగాన్ని ఇంటి గోడనుంచి వెలుపలికి నూటికి ఒకటి నుంచి రెండు పాళ్ల వాలు ఉండేలా చదును చేయాలి. 6 మీటర్ల వెడల్పుకు ఇది 6 నుంచి 12 సెం.మీ. అవుతుంది. దానిపై జియోటెక్స్‌టైల్ వస్త్రం పరచాలి. ఈ పొర లేకపోతే తడిసిన బంకమన్ను క్రమంగా కంకరలోకి ఎగదన్ని ఖాళీలను మూసివేస్తుంది. వస్త్రంపై 20 మి.మీ. కంకర, ఆపైన పలుచగా సన్న చిప్స్ వేసి దిమ్మిసతో గట్టిపరచాలి. చవకగా దొరికే రాతిపొడిని మందంగా పోయడం ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు. అందులోని మెత్తని ధూళి తడిసి గట్టిపడి నీటిని ఆపుతుంది.

వాలు దిగువ అంచున రంధ్రాలున్న పీవీసీ గొట్టాన్ని కంకరలో అమర్చి ఇంకుడు గుంతకు కలపాలి. 2002 నాటి వాల్టా చట్టం వల్ల అనేక ఇళ్లలో ఇంకుడు గుంత ఇప్పటికే ఉంటుంది. అయితే అది బంకమన్నులోనే ఆగిపోయిందా, మొరం వరకు దిగిందా అన్నది చూసుకోవాలి. ఇంటి పునాదికి కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి.

మే నెలలో నెర్రెలు విచ్చిన నేలపై పునాది వేయరాదు. తొలకరికే నేల ఉబ్బి పని చెడుతుంది. తడి నేలను దిమ్మిస కొట్టడం కూడా వ్యర్థమే. వానలు వెనుదిరిగాక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

పచ్చిక ఎంపిక

పాలిథీన్ పోగులు, అతినీలలోహిత కిరణాలను తట్టుకునే గుణం, 30 నుంచి 40 మి.మీ. పోగు ఎత్తు గృహావసరాలకు సరిపోతాయి. బంకనేలకు ముఖ్యమైనది వెనుకభాగం. రంధ్రాలు దగ్గర దగ్గరగా ఉండాలి. తేమ నిలిచే చోట రబ్బరు పాల పూత కన్నా పాలీయురేథేన్ పూత మన్నికైనది. నింపుడుకు సిలికా ఇసుక చాలు. రబ్బరు గుళికలు ఇంటికి అనవసరం. సూక్ష్మ ప్లాస్టిక్ కాలుష్యం కారణంగా ఐరోపా సమాఖ్య క్రీడా మైదానాలలో అటువంటి గుళికల అమ్మకాన్ని 2023 నాటి నిబంధనతో దశలవారీగా నిలిపివేస్తున్నది.

అసలు కృత్రిమ పచ్చిక ఎక్కడ తగును అన్న ప్రశ్న వీటన్నిటికన్నా ముందుది. మండుటెండలో దాని ఉపరితల ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. పసిపిల్లలు ఉత్త కాళ్లతో నడవలేరు. నీళ్లు చల్లినా ఆ చల్లదనం కాసేపే. రోజుకు ఆరు గంటలకు పైగా ఎండ పడే ముంగిట, నేలను గట్లుగా ఎత్తు చేసి, పశువుల ఎరువు కలిపి గరికజాతి గడ్డిని పెంచుకోవడమే మంచిది. ప్రహరీకి, ఇంటికి మధ్య నీడలో మగ్గే ఇరుకు జాగాలో గరిక ఎలాగూ నిలవదు, వేడి సమస్యా ఉండదు. కృత్రిమ పచ్చిక సార్థకమయ్యేది అక్కడే. వేప, మామిడి వంటి చెట్ల మొదళ్లకు మాత్రం 2 మీటర్ల వరకు దానిని పరచకుండా వదిలివేయాలి.

తొలి వానాకాలం ముగిసిన తరువాత ఒక అంచును తెరచి, కుంగిన చోట చిప్స్ నింపి, గొట్టం మూతిని శుభ్రపరచి, అతుకులను తిరిగి బిగించుకోవాలి. రెండవ ఏటినుంచి నేల కదలిక ప్రధానంగా అంచులలోనే కనిపిస్తుంది గనుక ఈ పరిశీలన అక్కడికి పరిమితమైనా సరిపోతుంది.