పాన్-స్లావిజం: గ్రూప్-1, సివిల్స్ ప్రపంచ చరిత్ర

నిర్వచనం: స్లావ్ భాషలు మాట్లాడే ప్రజలందరినీ సాంస్కృతికంగా, రాజకీయంగా ఏకం చేయాలన్న 19వ శతాబ్దపు ఉద్యమం.

శాఖలు: తూర్పు (రష్యన్, ఉక్రేనియన్, బెలారూసియన్), పశ్చిమ (పోలిష్, చెక్, స్లొవాక్), దక్షిణ (సెర్బ్, క్రొయేట్, స్లొవీన్, బల్గేరియన్ మొదలైనవారు). హంగేరియన్లు, రొమేనియన్లు స్లావ్‌లు కారు. ఆప్షన్లలో తరచూ తికమక పెట్టేది ఇదే.

తొలి స్లావ్ మహాసభ: 1848 జూన్, ప్రాగ్. అధ్యక్షుడు చెక్ చరిత్రకారుడు ఫ్రాంటిషెక్ పలాట్‌స్కీ. ఆయన కోరింది ఆస్ట్రియా సామ్రాజ్యాన్ని కూల్చడం కాదు, అందులోనే స్లావ్‌లకు సమాన హోదా. దీన్నే ఆస్ట్రో-స్లావిజం అంటారు.

రెండో మహాసభ: 1867, మాస్కో. పోలండ్‌వారు రాలేదు. 1863 తిరుగుబాటును రష్యా అణచివేసిన గాయం అప్పటికింకా పచ్చిగానే ఉంది. ఉద్యమం ఎందుకు విఫలమైందని మెయిన్స్‌లో అడిగితే జవాబు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి: ఐక్యత పేరుతో రష్యా ఆధిపత్యం వస్తుందన్న భయం, ఆర్థడాక్స్–కాథలిక్ చీలిక.

రష్యన్ ఆలోచనాపరుడు డానిలేవ్‌స్కీ గ్రంథం 'రష్యా అండ్ యూరప్': 1869.

తేదీల క్రమం (జతపరచండి): శాన్ స్టెఫానో సంధి, 1878 మార్చి, దాన్ని సవరించిన బెర్లిన్ సంధి, 1878 జులై, ఆస్ట్రియా-హంగేరీ బోస్నియాను కలుపుకోవడం, 1908, సరయేవో హత్య, 1914 జూన్ 28.

సెర్బులు, క్రొయేట్‌లు, స్లొవీన్‌ల రాజ్యం: 1918 డిసెంబర్ 1. యుగొస్లావియాగా పేరు మార్పు 1929లో. అయితే బల్గేరియా ఇందులో ఎన్నడూ చేరలేదు. ఇది తప్పక గుర్తుంచుకోండి.

చెకొస్లొవేకియా: 1918 అక్టోబర్ 28న ఏర్పాటు, 1993 జనవరి 1న రెండు దేశాలు.