హైటెక్ సిటీ: విధానం నుంచి ఉపాధి దాకా

హైదరాబాద్‌లోని మాదాపూర్ రాళ్ల గుట్టల నడుమ లేచిన హైటెక్ సిటీ భవనం సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, ప్రైవేటు కంపెనీ ఎల్ అండ్ టీ కలిసి చేపట్టిన నిర్మాణమిది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి పరీక్షలో ఉదాహరణ అడిగితే దీన్ని ధైర్యంగా రాయవచ్చు. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. కంపెనీలతో పాటు చదువునూ తేవడమే అప్పటి ఐటీ విధానానికి అసలు బలం.

తెలంగాణ ఏర్పడ్డాక వచ్చినవి: యువతకు నైపుణ్య శిక్షణనిచ్చే టాస్క్, అంకుర సంస్థలకు టీ-హబ్ (2015), మహిళా పారిశ్రామికవేత్తలకు వీ-హబ్ (2018). జతపరిచే ప్రశ్నల్లో వీటిని తారుమారు చేసుకోకండి. అయితే ఐటీ కొలువులు ఎక్కువగా నగరానికి పడమరనే పోగుపడ్డాయి. తూర్పున ఉప్పల్, ఉత్తరాన కొంపల్లి వంటి చోట్లకు ఐటీని విస్తరించాలన్నదే తెలంగాణ ప్రభుత్వ ‘గ్రిడ్’ విధానం లక్ష్యం.